ఆవర్జా పుస్తకమునుండి సర్వరు వరకు

శ్రీకాకుళ పట్టణము ప్రధాన స్థానముగా 1976 సెప్టెంబరు 30వ తేదీన శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఏర్పడినది. భారతీయ స్టేట్ బ్యాంకు దానికి పోషక సంస్థ. అప్పటికి విజయనగరము జిల్లా కాలేదు. అది 1979 జూన్ 1వ తేదీన అవతరించినది. ఆనాటి గ్రామీణ శాఖలోని ఉపకరణములను లెక్కించుటకు ఒక చేతి వ్రేళ్లు చాలును: ఒక ఇనుప పెట్టె, రెండు బల్లలు, రబ్బరు ముద్రలు, వరుసగా పేర్చిన లెడ్జరు పుస్తకములు. నేడదే సీమలో, ఊరి దుకాణపు అరుగుమీద, చిన్న యంత్రముపై వ్రేలు మోపి ఒక ముదుసలి తన ఖాతాలోని సొమ్మును తీసికొనుచున్నది.

ఈ రెండింటి నడుమ జరిగిన మార్పును “కంప్యూటర్లు వచ్చినవి” అని రెండు మాటలతో చెప్పి ఊరకుండుట వాడుక. ఏ యంత్రము వచ్చినది? దానిని నడుపు వ్యవస్థ ఏది? కొన్నవారు దానినే యేల కొనిరి? చెడినపుడు బాగుచేయువారెవరు? బ్యాంకుల చరిత్రలలో ఈ ప్రశ్నలకు చోటు తక్కువ. అయినను ఖాతాదారుని సొమ్ము ఎప్పుడు చేతికందును, ఎంత వడ్డీతో అందును అనునది ఈ ప్రశ్నలకు పెద్దలు చెప్పుకొనిన సమాధానములపై ఆధారపడియున్నది. కనుక ఆ ఎన్నికల కథనే ఇచట మనవి చేయుచున్నాము.

ముందుగా రెండు మాటలకు అర్థము చెప్పుకొందము. పలువురు ఉద్యోగులకు కావలసిన లెక్కలను తన యొద్ద భద్రపరచి, అడిగినవారికి అడిగినది అందించు యంత్రమునకు సర్వరు అని పేరు. ఆ యంత్రములోని పనిని పంచిపెట్టు మూల ప్రణాళికకు ఆపరేటింగు సిస్టము అని పేరు. కలెక్టరు కచేరీలో శిరస్తాదారు ఎట్టివాడో సర్వరులో ఇది అట్టిది. ఏ కాగితము ఏ గుమాస్తాకు పోవలెను, ఎవరి వంతు ముందు, ఏ బీరువాను ఎవరు తెరువవచ్చును అని నిర్ణయించునది ఇదియే. శిరస్తాదారు నెమ్మదైనవాడైనచో కచేరీ ఎట్లు సాగునో మన జిల్లాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చేతివ్రాత లెడ్జరును చులకన చేయుట మా ఉద్దేశము కాదు. చిట్టా, ఆవర్జా అను మాటలు బ్యాంకులకంటె ముందే మన వర్తకుల నోట నున్నవి. బ్యాంకులో ఒక చీటీపై గుమాస్తా వ్రాసినదానిని అధికారి సరిచూచి పొడి సంతకము చేయవలెను. సాయంకాలమునకు లెడ్జరు మొత్తములు దినవహితో సరిపోవలెను. ఒక్క రూపాయి తేడా వచ్చినను దీపములు పెట్టిన తరువాత కూడ కూర్చుండి వెదకెడివారు. ఈ పద్ధతిలో గొప్ప సుగుణ మొకటి కలదు. కరెంటు పోయినను లెడ్జరు తెరచుకొనును. దానిని తయారుచేసిన కంపెనీ మూతపడినను అందలి అక్షరములు చెరగవు.

దాని లోపము వడ్డీలెక్కలో తెలియును. పొదుపు ఖాతాపై వడ్డీని రోజువారీగా లెక్కించుట చేతివ్రాతతో సాధ్యము కాదు. అందుచేత దేశమంతట ఒక నియమము నడచినది. నెలలో 10వ తేదీ సాయంకాలము మొదలు నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనిష్ఠపు నిల్వ ఎంతయో, దానికే ఆ నెల వడ్డీ. ఒక రైతు ధాన్యమమ్మిన 10,000 రూపాయలను జనవరి 12న జమచేసి, ఫిబ్రవరి 8న తీసికొనినాడనుకొనుడు. ఇరువదియేడు దినములు అతని సొమ్ము బ్యాంకులో ఉన్నది. జనవరి 10నాటికి ఆ సొమ్ము లేదు, ఫిబ్రవరి 10నాటికి మరల లేదు. అందువలన వడ్డీ సున్న. నూటికి మూడున్నర చొప్పున రోజులెక్క కట్టియున్నచో సుమారు 26 రూపాయలు రావలసినది. ఇది ఒకరి మోసము కాదు, కలమునకును కాగితమునకును గల శక్తి అంతయే. కాని పోయిన 26 రూపాయలు రైతువే.

అట్లైనచో యంత్రములను వెంటనే తెచ్చియుండరాదా అని అడుగవచ్చును. తెచ్చుటకు ప్రయత్నము 1960 దశకముననే జరిగినది. జీవితభీమా సంస్థ ఆ దశకము నడుమ ఐ.బి.ఎం. కంప్యూటర్లను నెలకొల్పబూనగా, కలకత్తాలో ఇలాకో భవనము యొద్ద ఉద్యోగులు రేయింబవళ్లు కాపుండి యంత్రమును లోనికి రానీయలేదు. పదిమంది పని ఒక యంత్రము చేసినచో తొమ్మిదిమంది గతి యేమి అన్నది వారి ప్రశ్న. దానిని మూర్ఖపు పట్టుదలగా నేడు కొందరు చెప్పుదురు, మేమట్లు అనలేము. ఉద్యోగమనగా ఒక కుటుంబము కాదు, ఊరిలో నలుగురికి ఆధారము అయిన కాలమది. ప్రభుత్వము 1969లో ఆచార్య వి. ఎం. దండేకర్ అధ్యక్షతన యాంత్రీకరణపై విచారణకు కమిటీని వేసెను. ఆ కమిటీ 1972లో నివేదిక నిచ్చెను.

ఈలోపల యంత్రముల తీరులోనే వేరొక చిక్కు ఉన్నది. ఆ కాలపు కంప్యూటరు బొబ్బిలి వీణ వంటిది. కుండ, దండి వేరువేరుగ చేసి అతుకక ఒకే పనసమ్రానునుండి చెక్కిన ఏకాండి వీణ మన ప్రాంతమునకు కీర్తి తెచ్చినది. వీణకు అది సొగసు. కంప్యూటరుకు అది బంధము. యంత్రము, దాని ఆపరేటింగు సిస్టము, దానిపై నడచు లెక్కల కార్యక్రమము అన్నియు ఒక్క కంపెనీ చేతివే. ఒకరి యంత్రము కొనినవాడు కడవరకు వారి వాకిటనే నిలువవలెను. విదేశ వినిమయ చట్టము ననుసరించి వాటా తగ్గించుకొనుట కిష్టపడక 1978లో ఐ.బి.ఎం. మన దేశము విడిచిపోయినపుడు, వారి యంత్రములు కొనినవారి పరిస్థితి ఈ విషయమును తేటపరచినది. ప్రభుత్వరంగములోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్ ఆ యంత్రముల మరమ్మతు బాధ్యతను చేపట్టి కార్యము నడిపెను.

మన తెలుగుదేశము ఈ విషయమున వెనుకబడి లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా నెలకొన్నది. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 కంప్యూటరును ఆ సంస్థ 1969లో తయారుచేసెను. కాని ఆ యంత్రములు శాస్త్రపరిశోధనకును, అణుశక్తి కార్యములకును ముందుగా ఉద్దేశింపబడినవి. పాలకొండలోనో పార్వతీపురములోనో ఉన్న బ్యాంకు బల్లమీదికి అవి రాలేదు.

బ్యాంకుల తలుపు 1983లో తెరచుకొన్నది. ఆ సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషను ఉద్యోగ సంఘములతో ఒక ఒడంబడిక చేసికొనెను. ఏ కార్యాలయములలో, ఎంతవరకు యంత్రములను వాడవచ్చునో అందులో హద్దులు వ్రాసికొనిరి. రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నరు డాక్టర్ సి. రంగరాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1984లో నివేదిక సమర్పించెను. శాఖలలో లెడ్జరు పోస్టింగు యంత్రములు, ప్రాంతీయ కార్యాలయములలో మినీ కంప్యూటర్లు, ప్రధాన కార్యాలయములలో పెద్ద కంప్యూటర్లు ఉండవలెనని ఆ ప్రణాళిక.

ఇచటనే అసలు ఎన్నిక వచ్చినది. దేశమందలి బ్యాంకులన్నియు కొనబోవు యంత్రములు వేలసంఖ్యలో ఉండును. ఏ కంపెనీని వరించినను అది ఇరువది యేండ్లు బ్యాంకులపై పెత్తనము చేయును. బ్యాంకుల పెద్దలు కంపెనీని వరింపలేదు. ఒక ప్రమాణమును వరించిరి. ఆపరేటింగు సిస్టము యూనిక్స్ కావలెను, ప్రాసెసరు మోటరోలా 68000 తెగకు చెందవలెను, ఈ రెండును ఉన్నచో యంత్రమును ఎవరు చేసి తెచ్చినను పరిశీలింతుమని చెప్పిరి. హెచ్.సి.ఎల్., విప్రో, డి.సి.ఎం., పి.ఎస్.ఐ. వంటి స్వదేశపు సంస్థలు యూనిక్స్ వైపు మరలుటకు బ్యాంకుల ఈ కోరిక ఒక ముఖ్య కారణము.

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అను నిద్దరి చేతులలో పుట్టినది. దానిని 1973లో సి అను భాషలో తిరుగ వ్రాసిరి. అంతకు పూర్వము ఆపరేటింగు సిస్టమును ఆయా యంత్రపు సొంత సంకేతములలో వ్రాసెడివారు; యంత్రము మారినచో అంతయు మరల వ్రాయవలసినదే. సి భాషలో వ్రాసినదానిని కొద్దిపాటి మార్పులతో వేరొక యంత్రముపైకి తీసికొనిపోవచ్చును. మన ఇండ్లలోని రేడియో సెట్లను చూడుడు. ఒకరిది ఫిలిప్స్, ఒకరిది మర్ఫీ. విశాఖపట్టణ కేంద్రపు ప్రసారము రెండింటిలోను ఒక్కటే వినబడును. సెట్టు మార్చినవాడు స్టేషను మార్చనక్కరలేదు. బ్యాంకులు కోరిన సౌకర్యము ఇట్టిదే. ఆ కాలమున మన దేశపు బ్యాంకుద్యోగులు తీసికొనిన నిర్ణయములలో ఇంత దూరదృష్టి గలది మరియొకటి లేదని మా అభిప్రాయము. దాని ఫలము బ్యాంకులతోనే ఆగలేదు. యూనిక్స్ నేర్చిన ఇంజనీర్లు దేశమున వేలకొలది తయారైరి, వారిలో మన తెలుగువారు ఎందరో విదేశములలో కొలువులు సంపాదించిరి.

1990 దశకమున శాఖలోని లెక్కలన్నియు యంత్రముపైకి ఎక్కుట ఆరంభమైనది. భారతీయ స్టేట్ బ్యాంకు తన శాఖలకు ఐర్లాండు దేశపు కిండిల్ సంస్థవారి బ్యాంక్‌మాస్టర్ అను కార్యక్రమమును తెచ్చెను. శాఖలో ఒక మూల చిన్న గది కట్టి, అద్దపు తలుపు పెట్టి, అందులో సర్వరు నుంచిరి. ఆ గదికి మాత్రము శీతల యంత్రము. మేనేజరుగారి నెత్తిపై పంకా. వైశాఖమాసపు ఎండలలో ఆ గదిలో ఏదో పని కల్పించుకొని పోవలెనను కోరిక ఎవరికి కలుగదు?

ఈ దశలో రెండు తీరుల సర్వరులు పోటీపడినవి. వీని భేదము మనవంటి ప్రాంతములకు ముఖ్యమైనది కనుక కొంచెము వివరింతుము. మొదటిది నోవెల్ సంస్థవారి నెట్‌వేర్ పద్ధతి. ఇందు సర్వరు ఫైళ్లను భద్రపరచి అందించు గిడ్డంగి. లెక్క కట్టు పని గుమాస్తా బల్లమీది కంప్యూటరుదే. రెండవది యూనిక్స్ పద్ధతి. ఇందు గుమాస్తా ముందు తెరయు, మీటల పలకయు మాత్రమే ఉండును. ఆలోచన అంతయు సర్వరులోనే జరుగును. మొదటిది చౌక, నేర్చుకొనుట సులభము, తెరమీద వేగము కనబడును. రెండవదానికి సర్వరు బలమైనది కావలెను, దానిని సంబాళించుటకు శిక్షణ కావలెను.

అయితే కరెంటు పోయినపుడు చూడవలెను. గిడ్డంగి పద్ధతిలో గుమాస్తా కంప్యూటరు ఒక ఖాతాను సగము వ్రాసి ఆగిపోయినచో, నిల్వ ఒక విధముగను, సూచికపట్టిక ఒక విధముగను మిగిలిపోవుట కవకాశము ఎక్కువ. దీనికి నివారణోపాయములు నోవెల్‌వారు కల్పింపకపోలేదు; వానిని పాటించునట్లు వ్రాసిన కార్యక్రమములు మాత్రము అన్నియు కావు. పది బల్లలమీది పది కంప్యూటర్లకును బ్యాటరీ శక్తి అందించుట ఖర్చుతో కూడిన పని. యూనిక్స్ పద్ధతిలో తెరలు ఆరిపోయినను, సర్వరు ఒక్కదానికి బ్యాటరీ ఉన్నచో చాలును, లెక్క చెడదు. కోతలు నిత్యకృత్యమైన ఆ దినములలో, విశాఖపట్టణమునుండి ఇంజనీరు రెండువందల కిలోమీటర్లకు పైబడిన ఇచ్ఛాపురము వరకు రావలసిన దారిలో, ఈ భేదము చిన్నది కాదు. కొనుగోలు పట్టికలో చౌకగా కనబడిన వస్తువు తుదకు చౌక అగునా అన్నది ఊరినిబట్టి యుండును. ఒకే లెక్కను రెండు డిస్కులపై ఏకకాలమున వ్రాయు ఏర్పాటు, ప్రతి సాయంకాలము టేపుపై నకలు తీయుట, ఆ టేపును వేరొక చోట దాచుట — ఇవియు సర్వరు ఎన్నికలో భాగములే. పాత లెడ్జరును ఇనుప బీరువాలో పెట్టిన బుద్ధియే టేపును దాచుటలోను కనబడును.

ఒక నష్టమును కూడ చెప్పవలెను. లెడ్జరులో ఖాతాదారుల పేర్లు గుండ్రని తెలుగక్షరములలో వ్రాయుటకు వీలుండెడిది. యంత్రము వచ్చినపుడు అవి రోమను లిపిలోనికి మారినవి. యూనికోడ్ మొదటి సంపుటము 1991లోనే తెలుగుకు చోటిచ్చినను, బ్యాంకు తెరలమీదికి ఆ సదుపాయము ఎక్కుటకు త్వర చూపినవారు లేరు. దీర్ఘములు పోయినవి, ళకారము లకారమైనది. తన పేరు తాను గుర్తింపలేని పుస్తకము చేతబట్టుకొని ఎందరో ఇండ్లకు పోయిరి.

యూనిక్స్‌ను ఎన్నుకొనుటతో అన్ని బంధములును తెగలేదు. శాఖలలోని చిన్న సర్వరులపై ఎక్కువగా నడచిన యూనిక్స్ రకములలో ఎస్.సి.ఓ. సంస్థవారిది ఒకటి. ఆ పేరుతో నడచిన సంస్థ 2003లో ఐ.బి.ఎం.పై పెద్ద దావా వేసి, 2007లో దివాలా రక్షణ కోరెను. అయినను యూనిక్స్‌పై వ్రాసిన కార్యక్రమములను వేరొక యూనిక్స్‌పైకో, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్‌పైకో తరలించుటకు దారి మిగిలియుండెను. తొలుత ప్రమాణమును ఎన్నుకొనినందులకు లాభము అప్పుడు కనబడెను.

ఇక మార్పు వేగముగా సాగినది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదునందు బ్యాంకింగు సాంకేతిక పరిశోధనా సంస్థను స్థాపించెను. ఐ.డి.ఆర్.బి.టి. అని దాని పొట్టి పేరు. 1999లో ఉపగ్రహము ద్వారా బ్యాంకులను కలుపు ఇన్ఫినెట్ అను జాలము ఆ సంస్థ చేతిమీదుగా ఆరంభమైనది. కేంద్ర నిఘా కమిషనరు ఎన్. విఠల్ 1998లో ప్రభుత్వరంగ బ్యాంకులకు ఒక ఆజ్ఞ పంపెను: 2001 జనవరి 1వ తేదీనాటికి వ్యాపారములో నూటికి 70 వంతులు కంప్యూటరుపైకి రావలెను. అవినీతిని అరికట్టు కార్యాలయము సర్వరుల కొనుగోలుకు గడువు పెట్టుట వింతయే. కాని కాగితముపై కనబడని తేడాలు యంత్రముపై కనబడునని ఆయన వాదము.

శాఖకొక సర్వరు ఉన్నంతకాలము శ్రీకాకుళపు ఖాతా శ్రీకాకుళముననే. హైదరాబాదులో కూలిపని చేయు కొడుకు పంపిన సొమ్ము డ్రాఫ్టు రూపమున తపాలాలో రావలసినదే. ఈ అడ్డు తొలగించుటకు లెక్కలన్నింటిని ఒకే కేంద్రమున చేర్చు కోర్ బ్యాంకింగు పద్ధతి వచ్చినది. భారతీయ స్టేట్ బ్యాంకు ఈ పనిని 2002 ప్రాంతమున టాటా కన్సల్టెన్సీ సంస్థకు అప్పగించెను. హ్యూలెట్ ప్యాకర్డ్‌వారి సూపర్‌డోమ్ అను భారీ సర్వరులను, వారి యూనిక్స్ రకమైన హెచ్.పి.-యు.ఎక్స్.ను దానికి ఎన్నుకొనిరి. అద్దపు గదులలోని వేలాది చిన్న సర్వరుల పని ముంబయి దాపునగల ఒక కేంద్రమునకు పోయెను.

గ్రామీణ బ్యాంకుల వంతు ఆలస్యముగా వచ్చినది. శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు 2006 మార్చి 31వ తేదీన తోడి గ్రామీణ బ్యాంకులు నాలుగింటితో కలిసి, వరంగల్లు ప్రధాన స్థానముగా, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుగా మారెను. దేశమందలి గ్రామీణ బ్యాంకులన్నియు 2011 సెప్టెంబరునాటికి కోర్ బ్యాంకింగుకు మారవలెనని తరువాత గడువు విధించిరి. ఇంతటి యంత్రములను చిన్న బ్యాంకు కొనజాలదు. అందుచేత స్టేట్ బ్యాంకు పోషణలోనున్న గ్రామీణ బ్యాంకులు, స్టేట్ బ్యాంకును టాటావారును కలిసి స్థాపించిన సి-ఎడ్జ్ సంస్థ యంత్రములపై అద్దెకు లెక్కలు నడుపుకొనిరి. సొంత ఇల్లు కట్టలేనివాడు అద్దె యింట చేరుట వంటిది. తప్పేమియు లేదు, ఇంటి యజమాని ఎవరో తెలిసియుండవలెను.

ఈ మార్పుల ఫలము 2010 ఏప్రిల్ 1న సామాన్యుని చేతికందినది. ఆనాటినుండి పొదుపు ఖాతాలపై వడ్డీని రోజువారీ నిల్వపై లెక్కింపవలెనని రిజర్వు బ్యాంకు నియమించెను. శాఖలు యంత్రములపైకి వచ్చినవి కనుక ఇక ఇది సాధ్యమని దానికి కారణము చెప్పెను. ఇందాక చెప్పిన రైతు 26 రూపాయలు అతనికే చేరినవి. దేశమునందలి కోట్ల ఖాతాలకు దీనిని వర్తింపజేసికొని చూడుడు. కంప్యూటరు మనకేమిచ్చెనని అడుగువారికి మేము మొట్టమొదట చెప్పునది ఈ తేదీయే.

కాని కేంద్రమునకు పోయిన లెక్కను తిరిగి ఊరికి తెచ్చునది ఒక తీగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతముపై విరుచుకొనిపడినది. ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి చెట్లతోబాటు విద్యుత్ స్తంభములు నేలవ్రాలినవి, టెలిఫోను సంబంధములు తెగినవి. లెక్క ముంబయిలో క్షేమముగానే ఉన్నది; వజ్రపుకొత్తూరువానికి కనబడదు. సొమ్ము అత్యవసరమైన దినముననే ఖాతా తెరచుకొనని యంత్రము ఎంత శక్తిమంతమైనను కోస్తా జిల్లాలకు సరిపోలేదనియే చెప్పవలెను. లెడ్జరు కాలమున మేనేజరు లాంతరు వెలుగున పుస్తకము చూచి సొమ్ము ఇయ్యగలిగెడివాడు. లెక్కను కేంద్రమున ఉంచవలదని మా వాదము కాదు. శాఖ శాఖకు ఉపగ్రహ సంబంధము, బ్యాటరీ, డీజిలు యంత్రము ఉంచుట సర్వరు ఖర్చులో భాగమని ఎంచి, దానిని ముందే లెక్కలో చేర్చవలెను. ముంబయిలో సర్వరు కొనువారు ఉద్దానపు తుపానును తలచుకొనవలెను.

పెద్ద యంత్రములకును ఆయుఃపరిమితి కలదు. ఆ సూపర్‌డోమ్‌ల తరువాతి తరములకు గుండెకాయయైన ఇటానియం ప్రాసెసరు సరఫరాను ఇంటెల్ సంస్థ 2021లో నిలిపివేసెను. దానిపై నడచు వ్యవస్థలను నమ్ముకొనినవారందరును, ప్రపంచమున ఎచటనున్నను, వేరు దారి చూచుకొనవలసినవారైరి. లినక్స్‌ను, సాధారణపు ప్రాసెసరులను అట్టివారిలో చాలమంది ఆశ్రయించుచున్నారు.

మన జిల్లాలలో ఎన్నిక మరల ఒకసారి వచ్చినది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు యొక్క తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరినవి. మిగిలిన శాఖలు అదే సంవత్సరము మే 1న మరి మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి, అమరావతి ప్రధాన స్థానముగా, యూనియన్ బ్యాంకు పోషణలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏర్పడినవి. పోషకుడు మారినపుడు లెక్కలు నడచు వ్యవస్థయు మారవలసివచ్చును. స్టేట్ బ్యాంకుది ఒక కార్యక్రమము. యూనియన్ బ్యాంకుది ఇన్ఫోసిస్ రూపొందించిన ఫినాకిల్. నాలుగు బ్యాంకుల ఖాతాలను ఒక దారికి తెచ్చునపుడు పేరు, నిల్వ, అప్పు, వడ్డీ తేదీ ఒక్కొక్కటిని సరిపోల్చవలెను. పూర్వము సాయంకాలపు చిట్టాను సరిచూచిన పనియే ఇది, లక్షల ఖాతాలకు. 1976 ప్రాంతమున శ్రీకాకుళమున శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకులో ఖాతా తెరచి నేటివరకు నిలుపుకొనిన వారెవరైన ఉన్నచో, వారి పాసుపుస్తకముపై ఇది మూడవ బ్యాంకు పేరు.